ప్లేట్‌లెట్లు ఎన్ని?

పోయిన సెప్టెంబరులో ఏలూరు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. అమ్మకి నాలుగు రోజులుగా జ్వరం, పరీక్ష చేయిస్తే డెంగీ అని తేలింది, ఆసుపత్రిలో చేర్చామన్నాడు. ఇక అక్కణ్ణించి మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. పొద్దున 84 వేలు. సాయంత్రం 61 వేలు. మర్నాటికి 40 వేలు. పిన్ని, మావయ్య, హైదరాబాదులో ఉన్న పెద్దమ్మ కొడుకు, అందరిదీ ఒకటే ప్రశ్న: "ప్లేట్‌లెట్లు ఎన్ని?" అమ్మ ఏమైనా తిన్నదా, లేచి కూర్చుంటోందా, మూత్రం సరిగా వస్తోందా అని అడిగినవాళ్ళు మాత్రం లేరు.

"అక్కా, ప్లేట్‌లెట్లు ఎక్కించమని డాక్టరు గారిని గట్టిగా అడగమంటున్నారు అందరూ. ఏం చెయ్యమంటావ్?" అన్నాడు తమ్ముడు. గొంతులో భయం తెలుస్తూనే ఉంది.

నేను డాక్టర్ని కాను. గుంటూరులో బీఎస్సీ బీజెడ్‌సీ చదివి, పెళ్ళయ్యాక డాలస్ దగ్గరికి వచ్చి, ఇల్లూ పిల్లలూ చూసుకుంటున్నదాన్ని. కానీ ఆ ప్రశ్న నన్నూ ఒకసారి నిద్రపోనివ్వకుండా చేసింది. అప్పుడు నేర్చుకున్నదే తమ్ముడికి చెప్పాను. దూరదేశాల్లో ఉండి ఇలాంటి ఫోన్లు అందుకునే మీకూ పనికొస్తుందని ఇప్పుడు రాస్తున్నాను.

ఎర్ర అక్షరాల్లో 58

నాలుగేళ్ళ కిందటి మాట. మా చిన్నదాన్ని కడుపుతో ఉన్నాను, ఎనిమిదో నెల. మామూలుగా చేసే సీబీసీకి రక్తం ఇచ్చి వచ్చాను. రాత్రి చపాతీలు చేస్తుంటే ఫోన్ మోగింది, రిపోర్టు వచ్చిందని. ఇక్కడ చాలా చోట్ల డాక్టరు చూసేలోపే మన ఫోన్లోకి ఫలితాలు వచ్చేస్తాయి కదా. తెరిచి చూస్తే ప్లేట్‌లెట్ల దగ్గర ఎర్ర అక్షరాల్లో 58 అని ఉంది. పక్కనే మామూలుగా ఉండాల్సింది 150 నుంచి 450 అని.

ముందు ఈ అంకెల గురించి ఒక మాట. అమెరికాలోనూ ఇంగ్లండులోనూ 58 అని రాస్తారు. మన దగ్గర అదే 58,000 అనో, 0.58 లక్షలు అనో రాస్తారు. మూడూ ఒకటే. ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో 58 వేల ప్లేట్‌లెట్లు అని అర్థం. మామూలు మనిషికి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. ఇంటినుంచి ఎవరైనా రిపోర్టు ఫోటో పంపితే ముందు ఈ లెక్క సరిచూసుకోండి. "1.2 మాత్రమే ఉంది" అని హడలిపోయిన స్నేహితురాలు నాకొకరున్నారు. అది లక్షా 20 వేలు.

ఆ రాత్రి చపాతీ పెనం మీదే మాడిపోయింది. మావారు ఆఫీసు పని మీద వేరే ఊళ్ళో ఉన్నారు. ఇంటర్నెట్‌లో వెతికితే ఏం కనిపిస్తుందో మీకు తెలిసిందే, రెండో వాక్యంలోనే రక్త క్యాన్సరు. ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకుని, తెల్లారేలోపు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

మర్నాడు నర్సు ఫోన్ చేసి, హెమటాలజిస్టుని కలవమంది. కౌంటు ఇలాగే ఉంటే కాన్పు నొప్పులకి నడుంలో ఇచ్చే ఎపిడ్యూరల్ ఇవ్వకపోవచ్చని, ఆపరేషనే అవసరమైతే పూర్తి మత్తు ఇవ్వాల్సి రావచ్చని చెప్పింది. వెన్నెముక లోపల రక్తం కారి గడ్డకడితే కాళ్ళు పడిపోయే ప్రమాదముంది, అందుకే ఆ జాగ్రత్త. 70 వేలకి పైన, నిలకడగా ఉంటే ఎక్కువమంది మత్తు డాక్టర్లు ఎపిడ్యూరల్‌కి ఒప్పుకుంటారట. నాకున్నవి 58. బిడ్డ పుట్టేటప్పుడు నేను మెలకువగా కూడా ఉండనేమో అన్న ఆలోచనకి దుఃఖం ఆగలేదు. మూడు వారాల్లో బయల్దేరి రావాల్సిన అమ్మకి మాత్రం ఈ మాట చెప్పలేదు.

హెమటాలజిస్టు దగ్గర ఖాళీ దొరకడానికి ఐదు రోజులు పట్టింది. భయం తట్టుకోలేక, అటక మీది పెట్టెలోంచి నా డిగ్రీ పుస్తకాలు దించాను.

గండి పూడ్చేవాళ్ళు

మన తెలుగు మీడియం పుస్తకాల్లో వీటిని రక్తఫలకికలు అనేవారు. పేరు తగినదే, చూడ్డానికి చిన్న చిన్న బిళ్ళల్లా ఉంటాయి. ఎర్రకణంలో మూడో వంతు వెడల్పు, అంటే 2 నుంచి 3 మైక్రోమీటర్లు. నిజానికి ఇవి పూర్తి కణాలు కావు, వీటికి కేంద్రకం లేదు. ఎముక మజ్జలో మెగాకారియోసైట్ అనే పెద్ద కణం ఉంటుంది. దాని అంచులు తెగి రక్తంలో కలిసిపోయిన ముక్కలే ప్లేట్‌లెట్లు. ఒక్కో పెద్ద కణం నుంచి వేలకొద్దీ వస్తాయి. మన శరీరం రోజుకి దాదాపు పదివేల కోట్ల ప్లేట్‌లెట్లు తయారు చేస్తుంది. ఒక్కోదాని ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. ఉన్నవాటిలో మూడో వంతు ఎప్పుడూ ప్లీహంలో నిలవ ఉంటాయి. అందుకే ప్లీహం వాచినవాళ్ళకి రక్తంలో కౌంటు తగ్గినట్టు కనిపిస్తుంది.

ఇవి చేసే పని మా కొల్లేరు పక్క ఊళ్ళవాళ్ళకి చెప్పడం తేలిక. కాలవ గట్టుకి గండి పడితే ముందు ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి ఇసక బస్తా అడ్డం వేస్తారు, కేకేసి మిగతావాళ్ళని పిలుస్తారు. అందరూ బస్తాలు పేర్చాక దాని మీద మట్టి వేసి గట్టి చేస్తారు. కూరగాయలు తరుగుతుంటే వేలు తెగిందనుకోండి. రక్తనాళం గోడ చిరిగి, కింద దాగి ఉన్న కొలాజెన్ బయటపడుతుంది. వాన్ విల్లీబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ దానికి జిగురులా పట్టుకుంటుంది, ఆ జిగురుకి ప్లేట్‌లెట్లు అంటుకుంటాయి. అంటుకున్నవి ఆకారం మార్చుకుని, చేతులు చాచినట్టు ముళ్ళు ముళ్ళుగా అయి, ఏడీపీ, థ్రాంబాక్సేన్ అనే పదార్థాలు వదిలి మిగతావాటిని పిలుస్తాయి. వచ్చినవన్నీ ఫైబ్రినోజెన్ సాయంతో ఒకదాన్నొకటి పట్టుకుని గండికి అడ్డంపడతాయి. ఆ తర్వాత ఫైబ్రిన్ దారాలు అల్లుకుని గడ్డ గట్టిపడుతుంది. ఈ సంగతిని మొదట వివరంగా చూసి చెప్పినవాడు ఇటలీ శాస్త్రవేత్త జూలియో బిడ్జోజెరో, 1882లో.

గుండెజబ్బు ఉన్న మన పెద్దవాళ్ళు వాడే ఆస్పిరిన్ ఆ 'పిలుపు'నే ఆపుతుంది. ప్లేట్‌లెట్‌కి కేంద్రకం లేదు కాబట్టి పాడైన ఎంజైముని మళ్ళీ తయారు చేసుకోలేదు. ఒకసారి ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్ చచ్చిపోయేదాకా అంతే. కొన్ని ఆపరేషన్ల ముందు ఆస్పిరిన్‌ని వారం ముందే ఆపమనేది ఇందుకే. ఆపాలా వద్దా అన్నది మాత్రం గుండె డాక్టరే చెప్పాలి.

గళ్ళలో లెక్కపెట్టిన రోజులు

పుస్తకం తిరగేస్తుంటే కాలేజీ ల్యాబు గుర్తొచ్చింది. న్యూబార్ చాంబర్ అని ఒక మందపాటి గాజు స్లైడు ఉండేది, దాని మీద కంటికి కనబడనంత సన్నని గళ్ళు. ఎర్రపూస ఉన్న పిపెట్‌లో రక్తం ఒకటో గీత దాకా పీల్చి, అమ్మోనియం ఆక్సలేట్ ద్రావణం 101 గీత దాకా నింపితే వందరెట్లు పలచబడుతుంది. ఆ ద్రావణం ఎర్రకణాలని పగలగొట్టేస్తుంది, ప్లేట్‌లెట్లు మిగులుతాయి. చాంబర్ నింపి, తడి దూది పెట్టిన పెట్రీ డిష్ కింద పదిహేను నిమిషాలు మూసి ఉంచితే అవి అడుక్కి చేరతాయి. తర్వాత మైక్రోస్కోపులో మధ్యనున్న 25 గళ్ళలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి వెయ్యితో హెచ్చవేయాలి. 200 కనబడితే రెండు లక్షలు. ఎందుకు వెయ్యి అంటే, ఆ 25 గళ్ళ మీద పట్టే ద్రవం ఘనపు మిల్లీమీటరులో పదోవంతు, పలచబరిచింది వందరెట్లు. దుమ్ము కణాన్ని ప్లేట్‌లెట్ అనుకుని లెక్కపెట్టి మేడమ్‌తో చీవాట్లు తిన్నది నేనే.

ఇప్పుడు పెద్ద ల్యాబుల్లో ఆ పని యంత్రాలు చేస్తున్నాయి. అమెరికా ఇంజనీరు వాలెస్ కౌల్టర్ 1953లో పేటెంటు పొందిన పద్ధతి ఇప్పటికీ చాలా యంత్రాల్లో ఉంది. కరెంటు ప్రవహిస్తున్న ద్రవంలో సన్నని రంధ్రం ఉంటుంది, కణాలు ఒక్కొక్కటే అందులోంచి దూరతాయి. దూరినప్పుడల్లా కరెంటుకి అడ్డుపడుతుంది. ఎంత పెద్ద కణమైతే అంత అడ్డు. చిన్న అడ్డు పడితే ప్లేట్‌లెట్, పెద్ద అడ్డు పడితే ఎర్రకణం అని యంత్రం రాసుకుంటుంది. నిమిషంలో వేల కణాలు లెక్క తేలిపోతాయి.

కానీ యంత్రానికి తెలిసింది సైజు ఒక్కటే. కొందరి ప్లేట్‌లెట్లు పుట్టుకతోనే పెద్దవి, వాటిని ఎర్రకణాలనుకుంటుంది. ఎర్రకణాలు విరిగి ముక్కలైతే వాటిని ప్లేట్‌లెట్లనుకుంటుంది. ప్లేట్‌లెట్లు గుంపుకడితే ఆ గుంపుని అసలు ప్లేట్‌లెట్ల లెక్కలోకే తీసుకోదు. అందుకే కాంతితోనో, మెరిసే రంగులతోనో గుర్తుపట్టే యంత్రాలు తర్వాత వచ్చాయి. ప్లేట్‌లెట్ల పైన ఉండే ప్రొటీన్లకి అంటుకునే యాంటీబాడీలతో లెక్కించే పద్ధతి ప్రామాణికంగా ఉంది.

వీటన్నిటికన్నా పాతది, చవకది ఒకటుంది. రక్తపు చుక్కని గాజు పలక మీద పలచగా పరిచి, లీష్‌మన్ రంగో, రైట్ రంగో వేసి మనిషి కంటితో చూడడం. దాన్నే స్మియర్ అంటారు. పెద్ద లెన్సు కింద పది చోట్ల చూసి, చోటుకి సగటున ఎన్ని ప్లేట్‌లెట్లు ఉన్నాయో లెక్కపెట్టి, సుమారుగా 15 వేలతో హెచ్చవేస్తారు. అంచనా మాత్రమే అయినా, యంత్రం చెప్పింది నిజమో కాదో అది పట్టిస్తుంది.

ఊదా మూత, నీలం మూత

ఐదో రోజు హెమటాలజిస్టు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కాగితం చూడకముందు నన్ను చూసింది. చిగుళ్ళు చూసింది, కాళ్ళ మీద సూదితో పొడిచినట్టు ఎర్రచుక్కలున్నాయా అని చూసింది. కమిలిన మచ్చలు, ముక్కులోంచి రక్తం, ఇంట్లో ఎవరికైనా రక్తం కారే జబ్బు ఉందా అని అడిగింది. ఏమీ లేవన్నాను. అప్పుడు కంప్యూటర్లో నా రిపోర్టు తెరిచి, కిందికి జరిపి, ఒక వాక్యం చూపించింది. "స్మియర్‌లో ప్లేట్‌లెట్లు గుంపులుగా ఉన్నాయి, కౌంటు అసలు కన్నా తక్కువగా వచ్చి ఉండవచ్చు."

నేను దాచుకున్న స్క్రీన్‌షాట్‌లో ఆ వాక్యం లేదు. యంత్రం అంకె రాత్రి వచ్చింది. స్లైడు చూసిన టెక్నీషియన్ ఎవరో మర్నాడు ఆ మాట చేర్చారు. ఐదు రోజులు పాత బొమ్మనే చూస్తూ ఏడ్చాను తప్ప, అసలు పేజీ మళ్ళీ తెరిచి చూడలేదు. నాకు ఫోన్ చేసిన నర్సూ చూసినట్టు లేదు. సైన్సు చదివినదాన్నే నేను!

ఆవిడ వివరించింది. సీబీసీకి రక్తం తీసే ఊదారంగు మూత గొట్టంలో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. అది రక్తంలోని కాల్షియాన్ని పట్టేసి గడ్డకట్టకుండా చేస్తుంది. కొద్దిమంది రక్తంలో ఉండే ఒక యాంటీబాడీ మాత్రం, ఈడీటీఏ తగిలినప్పుడు ప్లేట్‌లెట్ల మీద ప్రొటీన్ ఆకారం మారగానే వాటికి అంటుకుని గుంపుకట్టిస్తుంది. వెయ్యిమందిలో దాదాపు ఒకరికి ఇలా ఉంటుంది. జరిగేదంతా గొట్టంలోనే, ఒంట్లో ఏమీ జరగదు. గొట్టం ఎంతసేపు నిలవుంటే గుంపులు అంత ఎక్కువవుతాయి.

అప్పటికప్పుడు నీలం మూత గొట్టంలో రక్తం తీశారు. అందులో ఉండేది సిట్రేట్. అది ద్రవరూపంలో ఉండి రక్తాన్ని కొంచెం పలచన చేస్తుంది కాబట్టి వచ్చిన అంకెని 1.1తో హెచ్చవేయాలి. యంత్రం 174 అంది. అంటే నా అసలు కౌంటు లక్షా 91 వేలు.

కారు పార్కింగులో కూర్చుని అమ్మకి ఫోన్ చేసి, అప్పుడు చెప్పాను. "ఐదు రోజులు ఒక్కదానివే మోశావా!" అని తిట్టింది. కాన్పుకి ఎపిడ్యూరల్ ఇచ్చారు. పాప ఏడుపు మెలకువగానే విన్నాను.

అన్ని తక్కువలూ ఉత్తివి కావు

నా కథ విని తక్కువ కౌంటుని తేలిగ్గా తీసుకోవద్దు. గర్భిణుల్లో నూటికి ఐదు నుంచి పదిమందికి ప్లేట్‌లెట్లు నిజంగానే కొంచెం తగ్గుతాయి. అది చాలావరకు లక్షకి పైనే ఉంటుంది, కాన్పు తర్వాత సర్దుకుంటుంది. కానీ బీపీ పెరగడం, విడవని తలనొప్పి, కళ్ళు మసకలు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి ఉండి కౌంటు పడిపోతుంటే అది తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం. మర్నాటి దాకా ఆగకూడదు. ఐటీపీ అనే జబ్బులో శరీర రక్షణ వ్యవస్థే ప్లేట్‌లెట్లని నాశనం చేస్తుంది. కాలేయం జబ్బులు, కొన్ని మందులు, మజ్జ దెబ్బతినడం, ఇవీ కారణాలే.

కౌంటు సరిగ్గా ఉండి, పని చేయని జబ్బులూ ఉన్నాయి. గ్లాంజ్‌మన్ జబ్బులో ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పట్టుకోలేవు. ఆడవాళ్ళం తెలుసుకోవాల్సింది వాన్ విల్లీబ్రాండ్ జబ్బు. ఇందాక జిగురు అన్నానే, ఆ ప్రొటీన్ లోపం. ఫిన్లండ్ డాక్టరు ఎరిక్ వాన్ విల్లీబ్రాండ్ 1926లో ఓలండ్ దీవుల్లోని ఒక కుటుంబం గురించి రాస్తూ దీన్ని వివరించాడు. ఆయన దగ్గరికి తీసుకొచ్చిన చిన్నపిల్ల, పెద్దమనిషి అయిన కొద్ది నెలలకే నెలసరి రక్తస్రావంతో చనిపోయింది. నెలసరి ఏడు రోజులు దాటడం, గంటకొక ప్యాడ్ మార్చాల్సి రావడం, పన్ను తీయిస్తే రక్తం ఆగకపోవడం మీకు గానీ మీ అమ్మాయికి గానీ ఉంటే, "మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ అంతే" అని వదిలెయ్యకండి. ఇంట్లో అందరికీ ఉండడమే పరీక్ష చేయించుకోవడానికి కారణం. అలా రక్తం పోయి ఐరన్ తగ్గినవాళ్ళలో ప్లేట్‌లెట్లు ఎక్కువగా కనబడడం కూడా మామూలే.

మళ్ళీ ఏలూరుకి

తమ్ముడికి మూడు ప్రశ్నలు చెప్పాను. ఒకటి, స్మియర్ చూశారా? రెండు, పీసీవీ ఎంత, పెరుగుతోందా? మూడు, అమ్మకి ఎక్కడినుంచైనా రక్తం కారుతోందా, కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత ఉన్నాయా?

డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గేమాట నిజమే. కానీ ఎక్కువగా ప్రాణం మీదికి తెచ్చేది రక్తనాళాల్లోంచి ప్లాస్మా కారిపోవడం. అది జ్వరం దిగే రోజుల్లోనే జరుగుతుంది, జ్వరం తగ్గింది కదా అని మనం ఊపిరి పీల్చుకునేది అప్పుడే. ప్లాస్మా పోతే రక్తం చిక్కబడి పీసీవీ పెరుగుతుంది. అందుకే డాక్టర్లు సెలైన్ లెక్క మీద అంత కన్నేసి ఉంచుతారు. రక్తం కారని డెంగీ రోగులకి ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే లాభముందా అని సింగపూరు, మలేషియా ఆసుపత్రుల్లో 372 మంది మీద పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. 20 వేలకి దిగినవాళ్ళలో కూడా ఎక్కించడం వల్ల రక్తస్రావం తగ్గలేదు, దుష్ఫలితాలు మాత్రం ఎక్కువగా కనబడ్డాయి. రక్తం కారుతున్నప్పుడో, కౌంటు మరీ అడుగంటినప్పుడో ఎక్కించడం వేరే సంగతి. అది డాక్టరు నిర్ణయం, వాట్సాప్ గ్రూపుది కాదు. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వెయ్యకూడదు. పిన్ని బొప్పాయి ఆకు రసం సీసాతో వచ్చింది. వాంతులవుతున్న మనిషికి అది పట్టించకండి, డాక్టర్ని అడగండి అన్నాను. పిన్నికి కోపం వచ్చింది, తర్వాత పోయింది.

ఆరో రోజు అమ్మ కౌంటు 22 వేలకి దిగింది. గ్రూపులో అందరూ దేవుడి బొమ్మలు పెట్టారు. ఆ రాత్రి నాకూ నిద్ర లేదు, ఇంత చదివినా భయం భయమే. కానీ స్మియర్ చూశారు, గుంపులు లేవు, అంకె నిజమే. పీసీవీ నిలకడగా ఉంది, రక్తం కారడం లేదు. డాక్టరు గారు ఎక్కించనవసరం లేదన్నారు, తమ్ముడు ఆయన మాట విన్నాడు. ఏడో రోజు 35 వేలు, తొమ్మిదో రోజు లక్షా 10 వేలు.

నా పర్సులో ఒక చిన్న కార్డు ఉంటుంది. దాని మీద హెమటాలజిస్టు రాసిచ్చారు: ఈమె ప్లేట్‌లెట్లు ఈడీటీఏలో గుంపుకడతాయి, సిట్రేట్ గొట్టంలో లెక్కించండి. ఎక్కడ రక్తం ఇచ్చినా ముందు అది చూపిస్తాను. మీకెవరికైనా లక్షణాలేమీ లేకుండా ఉన్నట్టుండి కౌంటు తక్కువ అని వస్తే, ఇంటర్నెట్ తెరిచే ముందు మీ డాక్టర్ని ఒక్క మాట అడగండి, స్లైడు ఎవరైనా కంటితో చూశారా అని.

అమ్మ ఇంటికొచ్చాక మొదటిసారి వీడియో కాల్ చేసింది. నేను నోరు తెరిచేలోపే, "ప్లేట్‌లెట్ల సంగతి అడిగావంటే ఫోన్ పెట్టేస్తాను" అంది. చిక్కిపోయింది గానీ గొంతు పాతదే. "ఏం తిన్నావమ్మా?" అని అడిగాను. పప్పుచారు, గుమ్మడి వడియాలు అంది.